ఇండియాలో పెళ్లికి ముందే టెక్సస్ కౌంటీలో మ్యారేజ్ లైసెన్సు తీసుకోవచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇది కదా: మీరు ఎఫ్-1 ఓపీటీ (చదువు తర్వాత కొన్నాళ్లు పని చేసుకోనిచ్చే స్టూడెంట్ అనుమతి) మీద, అబ్బాయి హెచ్-1బీ (ఉద్యోగ వీసా) మీద డల్లాస్ దగ్గరి ఫ్రిస్కోలో ఉన్నారు. పెళ్లి మాఘమాసంలో రాజమండ్రిలో. హెచ్-4 (హెచ్-1బీ ఉన్నవారి భార్య లేదా భర్తకి ఇచ్చే వీసా) పని త్వరగా అవుతుందని, ముందే ఇక్కడ కౌంటీలో (మన జిల్లా లాంటిది) పెళ్లి చేసేసుకోమని స్నేహితులు అంటున్నారు. "అది ఉత్త కాగితమే కదా, అసలు పెళ్లి ఇండియాలోనే కదా, ఇబ్బందేమీ ఉండదు కదా" అని అడిగారు.

నేనూ మా ఆయనా ఇదే డల్లాస్ పరిసరాల్లో ఇలాగే చేసుకున్నాం. కొన్ని నెలల తర్వాత భీమవరంలో పెద్దల ముందు పెళ్లి జరిగింది. కాబట్టి చేసుకోవచ్చు, పని కూడా కష్టం కాదు. కానీ "ఉత్త కాగితం" అన్న మాటతో మాత్రం నేను ఒప్పుకోను. చట్టం దృష్టిలో మీ పెళ్లి రోజు అదే. ఆ రోజు నుంచి ప్రతి ఫారంలోనూ మీరు వివాహితులే. ఈ లోపు రెండు ఇళ్ల మధ్య ఏదైనా తేడా వచ్చి సంబంధం ఆగిపోతే, నిశ్చితార్థం రద్దు చేసుకున్నట్టు చెప్పి ఊరుకోవడానికి ఉండదు, కోర్టుకెళ్లి విడాకులు తీసుకోవాలి. టెక్సస్‌లో దానికి కేసు వేశాక కనీసం 60 రోజులు ఆగాలి. మిమ్మల్ని భయపెట్టాలని కాదు. ఇద్దరూ ఒకసారి కూర్చుని, ఇవాళ మనకి పెళ్లి అవుతోంది అని మనస్ఫూర్తిగా అనుకోగలిగితేనే కౌంటీకి వెళ్లండి. ఇరువైపులా అమ్మానాన్నలకి కూడా ముందే చెప్పండి. మా అత్తగారు మొదట బాధపడ్డారు, ముహూర్తం లేకుండా ఏమిటమ్మా అన్నారు. వివరంగా చెప్పాక ఆవిడే పంచాంగం చూసి మంచి రోజు చెప్పారు, వీడియో కాల్‌లో అక్షింతలు కూడా వేశారు.

ఇక పని సంగతి. ముందుగా కావాల్సింది మ్యారేజ్ లైసెన్సు, అంటే పెళ్లి చేసుకోవడానికి కౌంటీ ఇచ్చే అనుమతి పత్రం. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. మీ ఇల్లు ఎటువైపు ఉందో అన్న టెన్షన్ అక్కర్లేదు. టెక్సస్‌లో ఏ కౌంటీ క్లర్క్ ఆఫీసులో తీసుకున్న లైసెన్సైనా రాష్ట్రమంతటా చెల్లుతుంది. ఇద్దరూ కలిసి వెళ్లాలి. పాస్‌పోర్టులు చాలు. రక్తపరీక్షలు, సాక్షులు ఏమీ అడగరు. సోషల్ సెక్యూరిటీ నంబరు ఉంటే చెప్పాలి, లేకపోయినా లైసెన్సు ఇస్తారు. ఫీజు కౌంటీని బట్టి కొంచెం మారుతుంది, దాదాపు 80 డాలర్లు అనుకోండి. దరఖాస్తు వివరాలు ముందుగా ఆన్‌లైన్‌లో నింపే వీలు చాలా కౌంటీల్లో ఉంది, కానీ క్లర్క్ ముందు ప్రమాణం చేయడానికి మాత్రం స్వయంగా వెళ్లాల్సిందే.

ఆ ప్రమాణంలో మనవాళ్లు గమనించాల్సిన విషయం ఒకటుంది. ఇప్పటికే వేరే పెళ్లి లేదని, గత 30 రోజుల్లో విడాకులు తీసుకోలేదని చెప్పడంతో పాటు, ఇద్దరూ దగ్గరి బంధువులు కారని కూడా చెప్పాలి. ఆ జాబితాలో మేనమామ మాత్రమే కాదు, అత్త కొడుకు, మామ కూతురు కూడా ఉన్నారు. 2005 నుంచి టెక్సస్ చట్టం ఇది. మీది మేనరికం కాదు కాబట్టి మీకు అడ్డు లేదు, కానీ ఇది చదివే వేరే జంటలకి వర్తించవచ్చు. బావామరదళ్ల పెళ్లి కాలిఫోర్నియాలో చెల్లుతుంది, ఇక్కడ లైసెన్సు రాదు. అలాంటి జంటలు సంతకం పెట్టే ముందు లాయర్‌తో తప్పకుండా మాట్లాడాలి. మన ఆచారమే కదా అని తేలిగ్గా ప్రమాణం చేసేస్తే అది తప్పుడు ప్రమాణం అవుతుంది.

నేను అన్నిటికంటే ఎక్కువగా నొక్కి చెప్పేది పేర్ల గురించి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒక చోట, రెండు మూడు ముక్కల పేరు మరో చోట ఉంటుంది. కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. క్లర్క్ ఆ రెండో ముక్కని తీసుకెళ్లి మిడిల్ నేమ్‌లో పెడతారు. నాది రెండు ముక్కల పేరు, తెర మీద చూపించినప్పుడు అలాగే విడిపోయి ఉంది. పాస్‌పోర్టు చూపించి, రెండూ ఫస్ట్ నేమ్‌లోనే ఉండాలని అడిగితే వెంటనే మార్చారు. ప్రింటు తీసే ముందు అక్షరం అక్షరం చూసుకోండి. పుట్టిన ఊరు కూడా పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి. అక్కడ రాజమహేంద్రవరం అని ఉంటే ఇక్కడా అదే ఉండాలి. హెచ్-4 దరఖాస్తు, డ్రైవింగ్ లైసెన్సు, రేపు పిల్లల బర్త్ సర్టిఫికెట్లు అన్నిటికీ మూలం ఈ కాగితమే. పెళ్లయింది కదా అని వెంటనే ఇంటిపేరు మార్చుకోకండి. మీ వీసా, ఐ-94 (అమెరికాలో అడుగుపెట్టినప్పటి రికార్డు), సోషల్ సెక్యూరిటీ అన్నీ పాత పేరు మీదే ఉన్నాయి. హెచ్-4 చేతికొచ్చి అంతా కుదుటపడ్డాక తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. నేనైతే ఇప్పటికీ మా నాన్న ఇంటిపేరే ఉంచుకున్నాను.

లైసెన్సు చేతికి వచ్చినంత మాత్రాన పెళ్లి అయిపోయినట్టు కాదు. తీసుకున్న గంట నుంచి 72 గంటలు ఆగాలి, 90 రోజుల లోపు పెళ్లి జరగాలి. శుక్రవారం మధ్యాహ్నం తీసుకుని ఆదివారం పొద్దున ముహూర్తం పెట్టుకుంటే కుదరదు. టుగెదర్ ఇన్ టెక్సస్ (Twogether in Texas) అని పెళ్లి చేసుకోబోయే జంటల కోసం 8 గంటల కోర్సు ఉంది. అది పూర్తి చేసిన సర్టిఫికెట్ చూపిస్తే ఆ నిరీక్షణ అక్కర్లేదు, ఫీజులో 60 డాలర్లు కూడా తగ్గుతుంది. డబ్బు, అత్తమామలు, పిల్లలు లాంటి విషయాలు మాట్లాడుకోవడానికి మాకు ఆ కోర్సు నిజంగా ఉపయోగపడింది. పెద్దలు కుదిర్చిన సంబంధమైతే మరీ మంచిది.

పెళ్లి ఎవరు చేయించాలన్నది మీ ఇష్టం. కోర్టులో జస్టిస్ ఆఫ్ ద పీస్ (స్థానిక జడ్జి) దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోవచ్చు. గుడి తరఫున పెళ్లిళ్లు చేయించే అధికారం ఉన్న పురోహితులైనా చేయించవచ్చు. మేం గుళ్లోనే చేసుకున్నాం, క్లుప్తంగా, మంగళసూత్రం లేకుండా, దండలు మాత్రం మార్చుకుని. తాళి భీమవరంలోనే కట్టాలని మా అమ్మ కోరిక. తంతు అయ్యాక పంతులుగారు లైసెన్సు మీద తేదీ, కౌంటీ పేరు రాసి సంతకం చేస్తారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మనకి రోజు ముందు, నెల తర్వాత రాయడం అలవాటు. 05/08 అని రాస్తే ఇక్కడివాళ్లు మే 8 అని చదువుతారు. నెలని అక్షరాల్లో రాయమని పక్కనే ఉండి చెప్పండి. ఆ కాగితం 30 రోజుల లోపు, లైసెన్సు ఇచ్చిన కౌంటీకే తిరిగి చేరాలి. చట్టప్రకారం పంపాల్సింది పెళ్లి చేయించినవారే, కానీ మీరే అడిగి తీసుకెళ్లి కౌంటర్‌లో ఇచ్చేస్తే నిశ్చింత. మా స్నేహితుల కాగితం ఒక పురోహితుడి బ్యాగులోనే ఉండిపోయి, ఆయన ఇండియా వెళ్లిపోయారు. వాళ్ల హెచ్-4 పని అంతా ఆగిపోయింది.

ఇండియా పెళ్లి గురించి. రాజమండ్రిలో తంతు అంతా నిండుగా చేసుకోండి, దానికి ఏ అడ్డూ లేదు. కానీ అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించకండి. చేయిస్తే ఆ సర్టిఫికెట్‌లో మాఘమాసం తేదీ పడుతుంది, మీ చేతిలో రెండు పెళ్లి తేదీలు మిగులుతాయి. హెచ్-4లో ఒక తేదీ, రేపు గ్రీన్‌కార్డు ఫారంలో ఇంకో తేదీ కనబడితే ప్రశ్నలు వస్తాయి. అన్ని ఫారాల్లోనూ టెక్సస్ తేదీనే రాయండి. స్టాంపింగ్‌కి (కాన్సులేట్‌లో పాస్‌పోర్టు మీద వీసా వేయించుకోవడానికి) వెళ్లేటప్పుడు రెండు సందర్భాల ఫొటోలూ దగ్గర పెట్టుకోండి. డిసెంబరు 31 లోపు కౌంటీ పెళ్లి అయితే ఆ ఏడాది మొత్తానికీ ట్యాక్స్ వివాహితులుగానే వేయాలి, కాబట్టి ఒకసారి మీ సీపీఏని (ట్యాక్స్ లెక్కలు చూసే అకౌంటెంట్‌ని) అడగండి.

ఇద్దరూ వేర్వేరు చోట్ల ఉండి జూమ్ వీడియో కాల్‌లో పెళ్లి చేసుకోవచ్చా అని ఇంకొకరు అడిగారు. యూటా రాష్ట్రంలోని యూటా కౌంటీ అలా చేయిస్తుంది. కానీ ఇద్దరూ ఒకే చోట లేకుండా జరిగిన పెళ్లిని, ఆ తర్వాత కలిసి కాపురం చేసేదాకా అమెరికా ఇమిగ్రేషన్ చట్టం గుర్తించదు. అబ్బాయి డల్లాస్‌లో, అమ్మాయి హైదరాబాద్‌లో ఉండి చేసుకుంటే ఆ సర్టిఫికెట్‌తో నేరుగా వీసాకి వెళ్లలేరు.

సంతకమైన లైసెన్సు కౌంటీలో నమోదయ్యాక సర్టిఫైడ్ కాపీలు మూడు నాలుగు తీసుకోండి. ఒకదానికి ఆస్టిన్‌లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు నుంచి అపాస్టీల్ (కాగితం అసలైనదేనని వేరే దేశాల్లో చెల్లేలా ఇచ్చే ధ్రువీకరణ) చేయించండి, 15 డాలర్లు. ఇండియాలో ఏ ఆఫీసుకైనా, పాస్‌పోర్టులో అబ్బాయి పేరు చేర్పించడానికైనా అది పనికొస్తుంది. పోస్టులో పంపితే రావడానికి సమయం పడుతుంది కాబట్టి టికెట్లు కొనే రోజే ఆ కవరు కూడా పంపేయండి.