అరికాళ్ల మంట, నార్మల్ రిపోర్టు

ప్రశ్న: డాక్టరు గారూ, మా నాన్నగారికి 61 ఏళ్లు, చాలాకాలంగా షుగర్. మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. రాత్రయితే రెండు అరికాళ్లూ మంటలంటూ దుప్పటి కూడా తగలనివ్వరు. నరాల పరీక్ష నార్మల్ వచ్చింది. నొప్పి మాత్ర డైక్లోఫెనాక్ వేసుకుంటున్నా తగ్గడం లేదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9. మంట నిజమేనా, భ్రమా?
– ఓ పాఠకుడు, కవిటి

జవాబు: నిజమే. ముందు డైక్లోఫెనాక్ ఆపించండి. వాచిన కీలుకు, తగిలిన దెబ్బకు అది పనికొస్తుంది. నరమే పాడై తనంతట తాను సంకేతాలు పంపుతుంటే దానివల్ల ఒరిగేదేమీ ఉండదు. పైగా కిడ్నీకి రక్తం అందడం తగ్గుతుంది. ఈ వయసులో 1.9 అంటే వడపోత సామర్థ్యం, అంటే ఈజీఎఫ్ఆర్, సుమారు 40కి దిగినట్టు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఉంటూ నొప్పి మాత్రలు సొంతంగా కొనుక్కోవడం చేజేతులా ముప్పు తెచ్చుకోవడమే.

ఇక రిపోర్టు సంగతి. ఆ పరీక్ష వేగంగా పనిచేసే లావు నరపు పోగులనే కొలుస్తుంది. మంటను మోసే సన్నటి ‘సి’ పోగుల వేగం సెకనుకు 2 మీటర్లకు మించదు, అవి యంత్రానికి అందవు. షుగర్ తరచూ ముందు దెబ్బతీసేది సన్నపోగులనే. పాదాలకు వెళ్లేవి అన్నిటికంటే పొడవైన నరాలు కాబట్టి బాధ వేళ్ల దగ్గర మొదలై, మేజోడు తొడిగినంత మేర పైకి పాకుతుంది. ఒక్క కాలికే వచ్చినా, కొద్ది వారాల్లోనే కాళ్లు నీరసించినా షుగర్ మీదికి నెట్టేయకూడదు, వెంటనే చూపించాలి.

నరపు నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్, గాబాపెంటిన్ కిడ్నీ గుండానే బయటికి పోతాయి. ఈజీఎఫ్ఆర్ 30–60 మధ్య ఉంటే ప్రీగాబలిన్ మామూలు మోతాదులో సగమే ఇస్తారు. ఎక్కువైతే మత్తు, తూలుడు, ఒళ్లు ఉలిక్కిపడటం. ఇంట్లోవాళ్లు పక్షవాతమేమో అని హడలిపోతారు. రాత్రిపూట 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ మరో దారి. ప్రోస్టేట్ ఇబ్బంది, గుండె లయలో తేడా ఉంటే అది వద్దు. ఏదైనా డాక్టరు రాసిచ్చాకే. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, మూడో రోజే మానేయకండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే నరాలకు అవసరమైన బీ12 విటమిన్ తగ్గవచ్చు, అదీ చూపించండి.

ప్రశ్న: ఎంబీబీఎస్ చదువుతున్నాను. ఓపీలో నరపు నొప్పిని చేత్తో ఎలా పట్టుకోవాలి?
– ఓ విద్యార్థిని, విజయనగరం

జవాబు: నొప్పి ఎంత మేర ఉందో రోగి వేలితోనే గీయించండి. దూదితో రాయండి, దూదికే నొప్పి పుడితే అది నరపు నొప్పికి గట్టి గుర్తు. తర్వాత పిన్ను, ఒకరికి వాడింది ఇంకొకరికి వద్దు. పిన్ను పోటు, చల్లదనం సన్నపోగుల పరీక్షలు. చల్లదనానికి, కొడితే కంపించే ట్యూనింగ్ ఫోర్కు లోహమే చాలు. అదే ఫోర్కును కొట్టి బొటనవేలి ఎముకపై ఆనిస్తే లావు పోగుల సంగతి తెలుస్తుంది. 128 హెర్ట్జ్‌ది వాడాలి, 512 చెవి పరీక్షకు. 10 గ్రాముల మోనోఫిలమెంట్ అనే నైలాన్ పోగును అది వంగేదాకా ఒత్తాలి; ఆనెకాయ మీద ఒత్తితే తప్పుడు ఫలితం వస్తుంది. మోచేతి వెనక నరాన్ని తడమడం మరవొద్దు. అది లావెక్కి, చర్మంపై స్పర్శలేని మచ్చ ఉంటే కుష్ఠు.

ప్రశ్న: జీడిపప్పు ఒలుస్తాను. బొటన, చూపుడు, మధ్య వేళ్లు రాత్రి తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది. మెడ ఎక్స్‌రే తీయాలా?
– ఓ పాఠకురాలు, పలాస

జవాబు: మెడ నొప్పి లేకపోతే ముందు మణికట్టు చూపించండి. అక్కడి ఇరుకు సందులో నరం నలుగుతోంది. మణికట్టు వంగకుండా నిటారుగా ఉంచే పట్టీ రాత్రిపూట ఆరు వారాలు కట్టండి. థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించండి. నరాల పరీక్ష ఇక్కడ బాగా పనికొస్తుంది. బొటనవేలి మొదట్లో కండ కరుగుతుంటే పట్టీతో కాలక్షేపం చేయకుండా ఆపరేషన్ గురించి అడగండి.