బొమ్మ అమ్మితే హక్కులూ అమ్మినట్టేనా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో చిత్రకారిణిని. వస్లీ కాగితం (పొరలు అతికించి చేసే మందపాటి కాగితం) మీద పాత దక్కనీ మినియేచర్ల (చిన్న సైజులో వేసే సన్నటి పనితనపు బొమ్మల) పద్ధతిలో ఇప్పటి జీవితాన్ని వేస్తుంటాను. బిజాపూర్‌లో 400 ఏళ్ల క్రితం వేసిన గోరువంక, యోగిని బొమ్మను ఒక మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసి, గోరువంక బదులు సెల్‌ఫోన్ పెట్టి, వెనక కోట ఉన్నచోట మెట్రో స్టేషన్ వేశాను. ఎగ్జిబిషన్‌లో ఒక హోటల్ యజమాని దాన్ని కొన్నారు. తర్వాత అదే వరసలో ఇంకో రెండు కావాలని వాట్సాప్‌లో ఆర్డరిచ్చి వేయించుకున్నారు. ఇప్పుడు మూడూ మెనూ కార్డుల మీద, సంచుల మీద అచ్చయ్యాయి. మొదటి బొమ్మలో యోగిని తల తీసేసి లోగో పెట్టారు. నా పేరు ఎక్కడా లేదు. అడిగితే, “డబ్బిచ్చి కొన్నాను. అయినా మీరు వేసిందీ కాపీయే కదా” అంటున్నారు. నేనేం చేయగలను?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆయన అన్న రెండో మాటే మిమ్మల్ని ఎక్కువ టెన్షన్ పెడుతున్నట్టుంది. అందుకే ముందు దాని సంగతి చూద్దాం. మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం బొమ్మ మీద హక్కు చిత్రకారుడు బతికున్నంత కాలం, పోయాక ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ మ్యూజియంలో ఉన్న ఆ యోగిని 1603–04 ప్రాంతానిది. వేసినవారి పేరు కూడా తెలియదు. దాని మీద ఇవాళ ఎవరికీ కాపీరైట్ లేదు. మ్యూజియం తీసిన ఫొటోనే అచ్చువేసి ఉంటే ఆ సైట్ షరతులు చూడాల్సి వచ్చేది. మీరు చేత్తో వేశారు కాబట్టి ఆ పేచీ లేదు. (చర్బా అనే పారదర్శక పొర పెట్టి గురువు గీతను దించుకోవడం మినియేచర్ కార్ఖానాల్లో చదువులో భాగం. ఈ మాట మీకు నేను చెప్పాలా!)

అయితే మీ హక్కు మీరు చేర్చినదాని వరకే. యోగిని నిలుచున్న తీరు, నెత్తిన ఎత్తయిన ముడి, చుట్టూ ఆ పెద్ద పూలు మీవి కావు. ఫోన్, స్టేషన్, వాటిని పాత బొమ్మలో ఇమిడ్చిన తీరు మీవి. కొంత నైపుణ్యం, విచక్షణ, కాస్తయినా సృజన ఉంటే కాపీరైట్‌కు చాలని ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 2007లో చెప్పింది. ఆ కొలతకు మీ బొమ్మ నిలుస్తుందనే నా అభిప్రాయం. కానీ ఆ హోటలాయన రేపు ఇంకెవరితోనైనా గోరువంకను పట్టుకున్న యోగినిని వేయించుకుంటే మీరు ఆపలేరు.

ఇక “డబ్బిచ్చి కొన్నాను” అన్న మాట. ఇక్కడ మీ మూడు బొమ్మలూ ఒకే గాటన కట్టలేం.

మొదటిది మీరు ముందే వేసి ఉంచింది. ఆయన కొన్నది ఆ ఒక్క కాగితాన్ని. గోడకు పెట్టుకోవచ్చు, మళ్లీ అమ్ముకోవచ్చు. అచ్చువేసే హక్కు రావాలంటే 19వ సెక్షన్ ప్రకారం మీరు సంతకం చేసిన రాత ఉండాలి. ఉత్త బిల్లు చాలదు.

తర్వాతి రెండూ ఆయన డబ్బిచ్చి వేయించుకున్నవి. చిత్రకారులు చాలామందికి తెలియని సంగతి ఇది: ప్రతిఫలం ఇచ్చి ఒకరు వేయించుకున్న బొమ్మకు, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారే మొదటి కాపీరైట్ యజమాని అని 17(బి) సెక్షన్ చెబుతోంది. నాకైతే కళాకారులకు ఇది అన్యాయమనే అనిపిస్తుంది, కానీ చట్టం అలాగే ఉంది. అందుకని ఆ వాట్సాప్ సంభాషణ మొదటినుంచీ చదవండి. “గోడకు పెట్టుకోవడానికే”, “ప్రింటింగ్‌కు వేరే మాట్లాడుకుందాం” లాంటి మాట ఎక్కడైనా ఉంటే అది మీకు ఆధారం. స్క్రీన్‌షాట్లు తీసి ఊరుకోకండి. ఆ ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్‌తో దాన్ని కోర్టులో పెట్టాలి.

కాపీరైట్ ఎవరిదైనా 57వ సెక్షన్ మీ వెంటే ఉంటుంది. ఆ బొమ్మలు వేసింది మీరేనని చెప్పుకునే హక్కు మూడింటికీ ఉంది. మీ పరువుకు భంగం కలిగేలా బొమ్మను వికృతం చేస్తే ఆపించవచ్చు, నష్టపరిహారం అడగవచ్చు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని తొలగించి పాడుచేసినప్పుడు, అది ప్రభుత్వం చేయించుకున్నదే అయినా, మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగిచ్చి 5 లక్షల రూపాయలు చెల్లించాలని ఢిల్లీ హైకోర్టు 2005లో తీర్పిచ్చింది. తల తీసి లోగో పెట్టడం చిన్న మార్పు కాదు. అయినా దానివల్ల మీ పేరుకు దెబ్బ తగిలిందని మీరు చూపించాలి.

పోలీస్ స్టేషన్‌కు వెళ్లమని మీకు చాలామంది చెబుతారు. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ నేరం కాగ్నిజబుల్ (వారెంట్ లేకుండా అరెస్టు చేయదగ్గది), నాన్‌బెయిలబుల్ (బెయిల్ హక్కుగా రానిది) అని 2022లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కానీ రెండు బొమ్మల యాజమాన్యమే తేలనప్పుడు ఆ దారి నేను సూచించను. సివిల్ దావా హైదరాబాద్‌లోనే వేయవచ్చు. వివాదం విలువ 3 లక్షలు, ఆపైన ఉంటే కమర్షియల్ కోర్టుకు వెళ్తుంది. అక్కడ దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. తక్షణం స్టే అవసరమైతే ఆ మెట్టు అక్కర్లేదు. అచ్చు ఇంకా సాగుతోంది కాబట్టి మీరు స్టే అడగవచ్చు. రిజిస్ట్రేషన్ లేకపోయినా దావా నిలుస్తుంది. అయినా మొదటి బొమ్మను నమోదు చేయించుకోండి, సాక్ష్యంగా పనికొస్తుంది. దరఖాస్తులో బిజాపూర్ మూలం సంగతి దాచకండి.

ముందుగా లాయర్ నోటీసు పంపండి. మొదటి బొమ్మకు కాపీరైట్ ఉల్లంఘన, పేరు లేకపోవడం, తల తీసేయడం అన్నీ రాయించండి. మిగతా రెండింటికి మీ పేరు వేయాలని మాత్రమే అడగండి. చాట్‌లో ఆధారం దొరికేదాకా వాటి మీద కాపీరైట్ మాట ఎత్తకండి.