స్టీరింగ్ వణుకుతోందా? అలైన్‌మెంట్‌కు ఇంకో రూపాయి ఖర్చు చేయకండి

కారు వేగం తొంభై దాటగానే స్టీరింగ్ వణుకుతోందని, రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించినా తగ్గలేదని, ఇప్పుడు సస్పెన్షన్ భాగాలన్నీ మార్చాలంటున్నారని, మార్చాలా వద్దా అని మీరు అడిగారు. మార్చకండి. మీ చేతికి తెలుస్తున్న ఆ వణుకుకు కారణం చాలావరకు చక్రంలోనే ఉంటుంది. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, మీరు నడిచిన దారిలోనే నేనూ నడిచి, ఏడు వేల రూపాయలకు పైగా పోగొట్టుకుని, చివరకు సూర్యాపేటలో ఒక పెద్దాయన దగ్గర ఒక చాక్‌పీసు ముక్కతో అసలు సంగతి తెలుసుకోవడమే.

అలైన్‌మెంట్ అంటే చక్రాల కోణాలను సరిచేయడం. అది చెడితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున త్వరగా అరుగుతుంది, నేరుగా వెళుతున్నా స్టీరింగ్ కాస్త వంకరగా నిలుస్తుంది. అంతేగానీ వణుకు రాదు. వణుకు పుట్టాలంటే తిరిగే వస్తువులో ఎక్కడో తేడా ఉండాలి. నా కారుకు ఉన్నవి 185/65 ఆర్15 కొలత టైర్లు. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఆ చక్రం సెకనుకు దాదాపు 13 సార్లు తిరుగుతుంది. రిమ్ము అంచున ఒకచోట 30 గ్రాములు ఎక్కువైతే చాలు, ఆ వేగంలో అది మూడున్నర కిలోలకు పైగా బలంతో చక్రాన్ని అటూ ఇటూ గుంజుతుంది. 45 వేగంలో ఆ బలం నాలుగో వంతే కనుక ఊళ్లో తిరిగేటప్పుడు మనకు ఏమీ తెలియదు. చక్రాన్ని మోసే సస్పెన్షన్‌కు కూడా తనదైన ఊపు ఒకటి ఉంటుంది, అది సెకనుకు సుమారు 10 నుంచి 15 సార్ల మధ్య ఉంటుంది. చక్రం తిరుగుడు ఆ ఊపుతో కలిసిన చోట, అంటే 80 నుంచి 110 మధ్యలో, వణుకు ఎక్కువై ఆపైన కొంత సద్దుమణుగుతుంది.

ఇక నా సంగతి. మే నెలలో మా అమ్మను తీసుకుని ఒక పెళ్లికి హైదరాబాద్ నుంచి విజయవాడ బయలుదేరాను. అప్పటికే రెండుసార్లు అలైన్‌మెంట్, రెండుసార్లు వీల్ బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువును సమం చేయడం) చేయించి, స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు కూడా మార్పించి ఉన్నాను. బ్యాలెన్సింగ్ మెషీన్ మీద నాలుగు చక్రాలకూ సున్నా చూపించింది. అయినా చౌటుప్పల్ దాటి రోడ్డు ఖాళీ కాగానే 85 దగ్గర స్టీరింగ్‌లో మొదలైన వణుకు 95 వచ్చేసరికి మోచేతుల దాకా పాకింది. కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర వరుసలో మెల్లగా కదులుతుండగా పక్కన కూర్చున్న మా అమ్మ, "ఏమిట్రా, నువ్వు తిప్పకుండానే స్టీరింగ్ అటూ ఇటూ ఊగుతోంది?" అని అడిగింది. నేను చూశాను. నిజమే. నడక వేగంలో కూడా స్టీరింగ్ ఎడమకు కొంచెం, కుడికి కొంచెం, ఊయలలా కదులుతోంది. ఊళ్లోని గుంతల మధ్య అది నాకెప్పుడూ కనిపించలేదు.

సూర్యాపేట దగ్గర రోడ్డు పక్కన ఒక టైర్ల షాపు ముందు ఆపాను. అరవై ఏళ్లు దాటిన పెద్దాయన ఒక్కరే ఉన్నారు. మెషీన్ లేదు, కంప్యూటర్ లేదు. నేను అప్పటిదాకా చేయించిన పనులన్నీ వరుసగా చెప్పబోతే ఆయన ఆపి మూడే ప్రశ్నలు అడిగారు. "ఎప్పటి సంది వణుకుతున్నది సార్? బ్రేకు తొక్కితే ఎక్కువైతదా? మెల్లగ పోయేటప్పుడు ఊగుతదా?" మూడో ప్రశ్నకు నాకంటే ముందే మా అమ్మ జవాబు చెప్పింది.

ఆయన ఎడమ ముందు చక్రాన్ని ఎడమ వెనక్కి, వెనకదాన్ని ముందుకు మార్చి, నట్లను ఎదురెదురుగా బిగించి, పక్కన కూర్చుని నన్ను హైవే మీద ఐదారు కిలోమీటర్లు నడపమన్నారు. స్టీరింగ్ నిశ్చలంగా ఉంది. కానీ వెనక సీట్లో కూర్చున్న మా అమ్మ కాళ్ల కింద నేల అదరడం మొదలైంది. ముందు చక్రంలో దోషం చేతికి తెలుస్తుంది, వెనక చక్రంలో దోషం సీటుకూ నేలకూ తెలుస్తుంది. కొత్త భాగం ఒక్కటి కూడా కొనకుండా ఏ చక్రంలో జబ్బు ఉందో ఆయన అరగంటలో తేల్చేశారు.

షాపుకు తిరిగి వచ్చాక ఆ చక్రాన్ని జాకీ మీద లేపి, దాని వెనక ఇటుకలు పేర్చి, వాటిపై చాక్‌పీసును ట్రెడ్‌కు, అంటే టైరు నేలకు ఆనే భాగానికి, తగిలీ తగలనంత దూరంలో కదలకుండా పట్టుకుని, చక్రాన్ని మెల్లగా తిప్పారు. టైరు చుట్టూ ఎక్కడా అంటని చాక్‌పీసు ఒక్కచోట మాత్రం జానెడు పొడవున తెల్లని గీత గీసింది. అక్కడ చెయ్యి పెట్టి చూడమన్నారు. కంటికి కనిపించనంత చిన్న ఉబ్బు అరచేతికి స్పష్టంగా తగిలింది. "లోపల పట్టీ ఇడిసింది సార్. దీన్ని ఇంక ఎక్కియ్యొద్దు. స్టెప్నీ ఏసుకొని పోండి, ఎనభై దాటొద్దు" అన్నారు.

రేడియల్ టైరులో ట్రెడ్ కింద ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి. అవి రబ్బరును వదిలేస్తే టైరు గుండ్రంగా ఉండదు. మామూలు బ్యాలెన్సింగ్ మెషీన్ చక్రాన్ని గాలిలో తిప్పి బరువు తేడాను మాత్రమే కొలుస్తుంది, గుండ్రదనాన్ని కొలవదు. ఉబ్బిన చోటుకు ఎదురుగా సీసం ముక్కలు అంటించి సున్నా చూపించడం దానికి కష్టం కాదు. నా చక్రానికి అప్పటికే డెబ్బై గ్రాములకు పైగా వెయిట్లు అంటించి ఉన్నాయి, అంత బరువు ఎందుకు పట్టిందని ఆ రెండుసార్లూ ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. విజయవాడలో కొత్త టైర్లు వేయించినప్పుడు ఆ పాతదాన్ని కోయించి చూశాను. జానెడు మేర తీగలు తుప్పు పట్టి ఉన్నాయి. అంతకుముందు వానాకాలంలో ఒక గుంతలో పడి పంక్చరైన టైరు అదే. దాన్ని విప్పకుండా బయటినుంచే రబ్బరు స్ట్రిప్పు గుచ్చి పంపించారు. ఆ రంధ్రంలోంచి లోపలికి చేరిన నీరే తీగలను తినేసిందని చెప్పడానికి నాకు ఏ సందేహమూ లేదు.

మే నెల ఎండలో, కాలే తారు మీద, మా అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆ టైరుతో నేను వంద కిలోమీటర్లకు పైగా వచ్చాను. పట్టీ విడిచిన టైరు వేడెక్కితే ట్రెడ్ ఊడిపోవచ్చు, పేలిపోవచ్చు. వణుకును కేవలం అసౌకర్యంగా చూసి నెలలు గడిపేవాళ్లను చూస్తే నాకు భయం వేసేది అందుకే.

మన దగ్గర షాపుల పద్ధతి గురించి కూడా చెప్పాలి. స్టీరింగ్ అనే మాట వినగానే అలైన్‌మెంట్ ర్యాంపు ఎక్కిస్తారు. రిమ్ము లోపల ఎండిపోయిన మట్టిని గీకకుండానే బ్యాలెన్సింగ్ చేస్తారు, వారానికి ఆ మట్టి రాలిపోయి వణుకు మళ్లీ మొదలవుతుంది. రిమ్ము తుడవకుండా వెయిట్లు అంటిస్తే అవి మొదటి వానకే ఊడిపోతాయి. బయట కొన్న అల్లాయ్ చక్రాల మధ్య రంధ్రం, చక్రం కూర్చునే హబ్బు కంటే పెద్దదైతే, ఆ ఖాళీని నింపే రింగు లేకుండానే బిగించేస్తారు. అప్పుడు మెషీన్ మీద సున్నా వచ్చిన చక్రం కూడా బండి మీద పక్కకు జరిగి కూర్చుంటుంది. గాలి గన్నుతో నట్లను ఒక్కో వైపు నుంచి బిగించుకుంటూ పోవడం ఇంకొక దురలవాటు.

కాబట్టి ఆ పెద్దాయన ప్రశ్నలే మీరూ వేసుకోండి. టైర్లు మార్చిన మరునాడో, పంక్చరు వేయించాకో, గుంతలో పడ్డాకో వణుకు మొదలైతే కారణం అక్కడే ఉంటుంది. బ్రేకు నొక్కినప్పుడే వణికితే ముందు చక్రాల బ్రేకు డిస్కుల మందం అంతటా సమానంగా లేదని అర్థం, టైర్ల జోలికి వెళ్లనక్కరలేదు. మెల్లగా వెళ్లేటప్పుడు కూడా స్టీరింగ్ ఊగితే టైరు గుండ్రంగా లేదని అనుమానించండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వణికి, కాలు తీయగానే తగ్గితే యాక్సిల్ లోపలి జాయింటు చూపించండి. సస్పెన్షన్, స్టీరింగ్ కీళ్ల దగ్గర ఉండే బుష్‌లు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు అరిగితే వణుకును పెంచుతాయిగానీ, పుట్టించడం అరుదు. సస్పెన్షన్ మార్చమన్నవారిని చక్రం లేపి చేత్తో ఊపి, ఏది వదులైందో కళ్లకు చూపించమనండి. చూపించలేకపోతే ఆ పని ఒప్పుకోవద్దు.

మీరు చెప్పినదాంట్లో బ్రేకు ప్రస్తావన లేదు కనుక ముందు వీల్ నట్ల బిగింపు సరిచూసుకుని, నాలుగు టైర్లనూ లోపలి వైపుతో సహా అరచేత్తో తడమండి. ఎక్కడైనా ఉబ్బు తగిలితే ఆ టైరుతో హైవే ఎక్కవద్దు, వెంటనే తీయించండి. ఏమీ తగలకపోతే ముందు చక్రాలను వెనక్కి, వెనకవాటిని ముందుకు మార్పించి మళ్లీ నడిపి చూడండి. వణుకు మీ చేతుల్లోంచి సీటులోకి మారిందో లేదో ఇక్కడ రాస్తే, తర్వాత ఏ చక్రం విప్పాలో చెబుతాను.