ఆ పిల్ల రేపు చదువుతుందనుకుని రాయి

అమ్మాయ్,

ఉగాండా రాజధాని కంపాలా నుంచి నువ్వు వాట్సాప్‌లో పంపిన కథ, ఎయిడ్స్‌తో మంచం పట్టిన తల్లి, ఆమె కూతురు, అమ్మమ్మల కథ, రెండుసార్లు చదివాను, రెండోసారి ప్రింట్ తీయించుకుని మరీ. ఫోన్లో చదివితే నాకు కోపం తొందరగా వస్తుంది, కాగితం మీదైతే కాస్త నెమ్మదిస్తాను. వారమంతా ఆఫీసు లెక్కలు చూసుకుని, శనివారం బస్సెక్కి మసాకా పట్నం దాటి ఆ పల్లెకి వెళ్తున్నావు, అందుకు ముందు నిన్ను మెచ్చుకోవాలి. మెచ్చుకోవడం అయిపోయింది. ఇక కథ సంగతి.

మొదటి పేరాలోనే ముక్కు కారుతున్న పిల్ల, ఈగలు, "శూన్యంలోకి చూస్తున్న కళ్లు". పిల్లలు శూన్యంలోకి చూడరమ్మా. కొత్త మనిషి సంచి పట్టుకుని వస్తే సంచిలోకి చూస్తారు. నువ్వూ అది చూసే ఉంటావు, కానీ రాసేటప్పుడు చూసింది వదిలేసి, ఇలాంటి కథల్లో ఏం ఉండాలని అనుకుంటారో అది రాశావు.

అనాథ అన్న మాట పదకొండు సార్లు వాడావు. ఐక్యరాజ్యసమితి లెక్కలో తల్లిదండ్రుల్లో ఒక్కరు పోయినా ఆ బిడ్డ అనాథే. కానీ నీ కథలో పిల్లకి తల్లి ఉంది, మంచంలో ఉంది, మాట్లాడుతుంది కూడా. ఆ తల్లి వినేలా ఆ పిల్లని అనాథ అని పిలవగలవా? మరి కాగితం మీద ఎందుకు పిలిచావు?

ఎయిడ్స్ అన్న మాట తెలియక ముందే అక్కడి జనం ఆ జబ్బుకి పేరు పెట్టుకున్నారు. మనిషి చిక్కి సన్నబడిపోతాడు కాబట్టి ఇంగ్లీషు స్లిమ్‌ని (సన్నం అని) తమ లుగాండా భాషలో సిలిము చేసుకున్నారు. 1982లో ఉగాండాలో మొదటి కేసులు కనబడింది రకాయి జిల్లాలో, విక్టోరియా సరస్సు ఒడ్డున కాసెన్సెరో అనే చేపల ఊళ్లో, నువ్వు వెళ్లే చోటికి అంత దూరమేం కాదు. 1987లో భర్త ఈ జబ్బుతో పోయాక నోరీన్ కలీబా ఇంకో పదిహేను మందిని కూడగట్టి టాసో అనే సంస్థ మొదలుపెట్టింది. వాళ్ల చేతిలో మందు లేదు. పక్కన కూర్చోవడం, మాట్లాడటం, ఒళ్లు తుడవడం, కాసిని టీ కాచివ్వడం, అంతే. నీ కథలో ఇలాంటి పని ఒక్కటీ లేదు. "సేవ చేస్తోంది" అని మూడు చోట్ల ఉంది. సేవ అంటే ఏమిటి? దుప్పటి ఉతకడమా? ఉతికితే నీళ్లు ఎక్కణ్నుంచి, ఎన్ని బిందెలు? నోట్లో పుళ్లున్న మనిషికి మటోకే అరటికాయ ఎంత మెత్తగా మెదిపి పెడుతుంది ఆ జాజ్జా? (అమ్మమ్మ అని అనువాదం చేయకు, జాజ్జా అనే ఉంచు, మనవాళ్లకి రెండో వాక్యానికే అర్థమైపోతుంది.)

అసలు సంగతికి వస్తాను. ఆ తల్లి పరుపు కింద ఒక నోటు పుస్తకం ఉందని, ఫొటోలు అంటించి పిల్ల కోసం ఏదో రాస్తోందని ఒక వాక్యం రాసి వదిలేశావు. నీ కథంతా అక్కడే ఉంది! ఉగాండాలో హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్ల సంఘం నాక్‌వోలా ఇలా రాయడం చాలామంది తల్లులకి నేర్పింది, జ్ఞాపకాల పుస్తకం అంటారు. నువ్వు ఎక్కడ పుట్టావు, చిన్నప్పుడు ఏ జబ్బు చేసింది, ఏం పెడితే తినేదానివి, మీ నాన్న ఎలా ఉండేవాడు, మీ వంశం ఏది. ఉగాండాలో భాగమైన బుగాండా ప్రాంతంలో వంశం తండ్రి నుంచి వస్తుంది, ఒక్కో వంశానికి ఒక జంతువో చేపో మొక్కో గుర్తు, దాన్ని ఆ వంశం వాళ్లు తినరు, ఆ వంశంలోనే పెళ్లి చేసుకోరు, మన సగోత్రం పట్టింపు లాంటిదే అనుకో. తండ్రి పోయి, తల్లీ పోతే ఇది పిల్లకి ఎవరు చెప్తారు? అందుకని రాస్తారు. నాకు జబ్బుంది అని నోటితో చెప్పలేని తల్లి ఆ పుస్తకం ముందేసుకుని చెప్పగలిగిన సందర్భాలూ ఉన్నాయి. ఆ తల్లి రాసేది ఒక్క పాఠకురాలి కోసం. జాలి పుట్టించాల్సిన పని ఆమెకి లేదు, కాబట్టి విశేషణాలూ అక్కర్లేదు. నువ్వూ ఆ పిల్లకి ఇరవై ఏళ్లొచ్చాక చదువుతుందనుకుని రాయి. ఈగలు ఉంచుతావో తీసేస్తావో అప్పుడు నీకే తెలుస్తుంది.

నీతులు చెప్తున్నాననుకోకు. చాలా ఏళ్ల కిందట గుంటూరు వైపు హెచ్‌ఐవీ ఉన్న ఒకావిడ మీద నేనూ ఒక వ్యాసం రాశాను, ఒక పత్రికలో వచ్చింది, ఉత్తరాలు కూడా బాగా వచ్చాయి. పేరు మార్చాను. కానీ ఆవిడ కిరాణా కొట్టు, కొట్టు ముందు వేపచెట్టు, పెద్దకొడుకు కుంటికాలు అన్నీ అలాగే ఉంచాను, వివరం ఉంటేనే కదా కథ బతికేది అనుకుని. నెల తిరక్కుండా ఆ కొట్టుకి బేరాలు పోయాయి. తర్వాత వెళ్తే ఆవిడ నన్ను తిట్టలేదు, మంచినీళ్లిచ్చి లోపలికెళ్లిపోయింది. వివరం కావాలి, నిజమే, కానీ మనిషిని పట్టిచ్చే వివరం వేరు, పనిని చూపించే వివరం వేరు. నీ కథలో ఆ ఊరి పేరు, బడి పేరు రెండూ తీసెయ్. ఫొటోలైతే అసలు వద్దు.

మందుల గురించి రాసిన భాగం తప్పుల తడక. ఇప్పుడు రోజుకి ఒక్క మాత్ర. 2001లో మన ముంబయి మందుల కంపెనీ సిప్లా అధినేత హమీద్ ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానని ముందుకొచ్చేదాకా ఆ చికిత్సకి ఏడాదికి పదివేల డాలర్ల పైన అయ్యేది. ఆ తర్వాత మన హైదరాబాద్ కంపెనీలు, అరబిందో, హెటెరో, ఆఫ్రికాకి పంపిన మాత్రలు అన్నీ ఇన్నీ కావు. ఈసారి వెళ్లినప్పుడు ఆ డబ్బా తిప్పి చూడు, మన ఊరి పేరు కనబడినా కనబడొచ్చు. కనబడితే రాయి, లేకపోతే వదిలెయ్, కల్పించకు. మాత్రలు పనిచేయడం మొదలెట్టాక ఆకలి విపరీతంగా వేస్తుంది, ఇంట్లో తిండి లేకపోతే అదో టెన్షన్, ఆ సంగతి జాజ్జాని అడుగు. ఉగాండాలోనే జింజా అనే ఊరి వైపు డాక్టర్లూ నర్సులూ కాని కార్యకర్తలు నెలనెలా మోటార్ సైకిల్ మీద మాత్రలు ఇంటికే తెచ్చి ఇచ్చి, ఒంట్లో ఎలా ఉందో అడిగి వెళ్లారు. ఆసుపత్రికి వెళ్లి తీసుకున్నవాళ్లతో సమానంగా వీళ్లూ బాగున్నారని 2009లో తేలింది. 2025 జనవరిలో అమెరికా సాయం ఆపేసినప్పుడు ఆఫ్రికాలో చాలాచోట్ల ఇలా ఇళ్లకి తిరిగేవాళ్ల పని పోయింది. మీ ఊళ్లో ఎవరు రావడం మానేశారు, జీతం లేకపోయినా ఎవరు వస్తున్నారు? అది నువ్వక్కడే ఉన్నావు కాబట్టి నువ్వే కనుక్కోగలవు, నేనిక్కడ కూర్చుని ఊహించలేను.

చివర్లో తెల్లావిడ కారు దిగి పిల్లని ఎత్తుకునే సీను తీసెయ్. కారు నువ్వు చూడలేదని నాకు తెలుసు, ఆ దారిలో వానాకాలం కారు పోదని నువ్వే మూడో పేజీలో రాశావు.

ఇంకోటి. జాజ్జా పిల్ల బడి ఫీజు కోసం కోళ్లు అమ్మింది అన్నావు. రెండో పేజీలో మూడు కోళ్లు, అయిదో పేజీలో అయిదు. ఎన్ని అమ్మింది, ఇంట్లో ఎన్ని మిగిలాయి, శనివారం వెళ్లినప్పుడు లెక్కపెట్టుకుని రా, ఆ తర్వాతే మళ్లీ పంపు.

ఉంటాను.