పక్కవాళ్ల దీవెన చూసి మనసు మండుతుంటే ఏం చెయ్యాలి

అమ్మాయ్, ప్రభువు నామంలో వందనాలు.

నీ ఉత్తరం చదివాను. చిన్నప్పటి నుంచి క్వయర్‌లో పాడుతున్నావు, సండే స్కూల్ పిల్లల్ని చూసుకున్నావు, ఇప్పుడేమో నిన్నగాక మొన్న బాప్తిస్మం తీసుకున్న అమ్మాయికి పాటలు నడిపించే బాధ్యత ఇచ్చారు. ఆమె సాక్ష్యానికి అందరూ కళ్లు తుడుచుకుంటుంటే నీకు మాత్రం లోపల మండింది, మండినందుకు అసలు నేను విశ్వాసినేనా అని టెన్షన్ పడుతున్నావు. ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టు. అసూయ పుట్టడం వేరు, దాన్ని పెంచి పోషించడం వేరు. పాపం వాకిట పొంచి ఉంది, నువ్వు దాన్ని అదుపులో పెట్టుకోవాలి అని దేవుడు కయీనుకి చెప్పింది తమ్ముడు హేబెలు మీద చెయ్యి పడకముందే కదా.

మత్తయి 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కూలీల కథ ఈ వారం నిదానంగా చదువు, అదీ 19వ అధ్యాయం చివర నుంచి. అక్కడ శిష్యుడు పేతురు యేసుని, మేం అన్నీ వదిలేసి నీ వెంట వచ్చాం, మాకేం దొరుకుతుంది అని అడుగుతాడు. దాని వెనకే ఈ కథ. పొద్దున్నే వచ్చినవాళ్లు ఒక దేనారానికి ఒప్పుకున్నారు, సాయంత్రం ఐదింటికి వచ్చినవాళ్లు గంటసేపే చేశారు, చివరికి అందరికీ ఒక్కో దేనారమే. మొదటివాళ్లకి ముందు ఇచ్చేసి ఉంటే సంతోషంగా ఇంటికి పోయేవాళ్లు, గొడవే లేదు. కానీ యజమాని ఆఖరివాళ్లతో మొదలుపెట్టమన్నాడు, అదీ వీళ్ల కళ్ల ముందే. వీళ్ల లోపల ఉన్నది బయటపడాలనే అలా చేశాడని నాకనిపిస్తుంది.

వాళ్ల గొణుగుడు గమనించు. మా కూలి తగ్గింది అనలేదు, వాళ్లను మాతో సమానం చేశావు అన్నారు. అప్పట్లో దేనారం అంటే ఒక కూలివాడి రోజు కూలి, ఇల్లు ఆ రోజుకి గడిచే డబ్బు. పేదవాడు దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు, పొద్దు గుంకేలోపు ఇచ్చెయ్యాలని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం చెప్పేది అందుకే. ఐదింటివాళ్లు బద్ధకంతో నిలబడలేదు, మమ్మల్ని ఎవరూ పనికి పిలవలేదు అన్నారు. గంట లెక్కన చిల్లర చేతిలో పెడితే ఆ రాత్రి వాళ్ల పిల్లలు పస్తే. నేను మంచివాణ్ణయితే నీకెందుకు కడుపుమంట అని యజమాని అడిగినప్పుడు ఆయన మనసులో ఆ పిల్లలున్నారు. ఆ అమ్మాయి ఇన్నేళ్లూ ఎవరూ పిలవక ఎక్కడ నిలబడిందో నీకు తెలుసా? నువ్వు మోసిన భారంగా లెక్కపెడుతున్న ఆ ఏళ్లన్నీ నువ్వు తండ్రి ఇంట్లోనే ఉన్నావు. యేసు చెప్పిన ఇంకో కథలో, ఇల్లు వదిలి తిరిగొచ్చిన తప్పిపోయిన కుమారుడికి విందు చేశారని, తనకు మేకపిల్ల కూడా ఇవ్వలేదని అన్న అలిగితే, నావన్నీ నీవే కదా అన్నాడు తండ్రి.

ఒక్కమాట, నిజంగా అన్యాయం జరిగితే అడగడం అసూయ కాదు. కూలి ఎగ్గొడితే ఆ మొర దేవుడి చెవిన పడుతుందని యాకోబు పత్రికే అంటుంది. నీకు చెప్పకుండా బాధ్యత తీసేశారనిపిస్తే పాస్టర్ గారితో నేరుగా మాట్లాడు. ఇంకెవరి దగ్గరా వద్దు. "ప్రార్థన కోసమే చెప్తున్నా" అంటూ మొదలైన మాటలు ఎన్ని సంఘాల్ని చీల్చాయో చూశాను.

మంటను దేవుడి దగ్గరే చెప్పుకో, ఉన్నదున్నట్టు, అందమైన మాటలు వెతక్కుండా. 73వ కీర్తనలో దాన్ని రాసిన ఆసాపు తన మత్సరాన్ని దాచుకోలేదు. తర్వాత ఆ అమ్మాయి పేరు పెట్టి ప్రార్థించు, ఆమె గొంతు కోసం, ఆమె ఇంటి కోసం. మొదట్లో మాట పెగలదు, పెగలకపోయినా మానొద్దు.

ఇంకోటి, మొదటి సమూయేలు 18 చూడు. ఒకే అధ్యాయంలో సౌలు రాజు, జనం పొగిడే దావీదు మీద అసూయతో కన్నేసి ఉంచుతాడు, సౌలు కొడుకు యోనాతానేమో తన దుప్పటి, కత్తి, విల్లు, నడికట్టు తీసి అదే దావీదుకి ఇస్తాడు. దావీదు రాజైతే సింహాసనం పోయేది యోనాతానుకే, అయినా ఇచ్చాడు. నీ దగ్గర ఇవ్వడానికి ఏముందో ఆలోచించు. ఏ పాట ఏ శృతిలో ఎత్తుకుంటే వెనక బెంచీల్లో పెద్దవాళ్లకి అందుతుందో, ఏ చరణం దగ్గర అందరూ తడబడతారో నీకు తెలుసు, ఆ అమ్మాయికి తెలియదు. ఈ ఆదివారం ఆరాధనకి కాస్త ముందే వెళ్లి ఆమె పక్కన కూర్చుని అవి చెప్పు.

మీ పెద్దమ్మ