మన పరిశోధన చట్టాల దాకా చేరుతుందా? నా అనుభవం

పాలనా శాస్త్రంలో పీహెచ్‌డీ మొదలుపెడుతున్నానని, యూనివర్సిటీలో చేసే పరిశోధన వల్ల ప్రభుత్వ పనితీరు, చట్టాలు నిజంగా బాగుపడతాయా అని మీరు అడిగారు. బాగుపడతాయి, కళ్లారా చూశాను. అయితే నేను అనుకున్న చోట కాకుండా వేరే చోట బాగుపడ్డాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సంక్షేమ పథకాల దరఖాస్తులు ఎందుకు ఆలస్యమవుతాయన్నది నా థీసిస్ విషయం. నాలుగేళ్లు పట్టింది. పట్టా వచ్చాక ఒక ప్రతిని సంబంధిత శాఖకు పంపాను. ఎవరూ చదవలేదు. బాధ కలిగింది, కోపమూ వచ్చింది. తర్వాత అదే శాఖ పరిశోధన విభాగంలో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. అక్కడ కూర్చున్నాకే కారణం అర్థమైంది. సిబ్బంది కొరత, అవగాహన లోపం, విభాగాల మధ్య సమన్వయం లేకపోవడం అని నేను అధ్యాయాల కొద్దీ రాశాను. అన్నీ నిజాలే. కానీ ఫైలు ముందు కూర్చున్న అధికారి ఏ ఉత్తర్వు మీద సంతకం పెడితే ఏం మారుతుందో చెప్పే వాక్యం అందులో ఒక్కటీ లేదు.

ఉద్యోగంలో మొదటి ఆరు వారాలు ఒకే పని చేశాను. తిప్పి పంపిన దరఖాస్తుల కట్టలు విప్పి, ఒక్కో దాని మీద ఏ కొర్రీ రాశారో పుస్తకంలో ఎక్కించడం. ఆ సెక్షన్‌లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న సీనియర్ గుమస్తా ఒకాయన పక్కనే కూర్చుని అర్థం కానివి చెప్పేవారు. రెండో వారంలో ఒక మాటన్నారు: "చూడండమ్మా, ఈ ధ్రువపత్రం కావాలని చట్టంలో ఎక్కడా లేదు. ఫారంలో గడి ఉంది కాబట్టి అడుగుతున్నాం." నేను వెళ్లి చట్టం తీసి చూశాను. లేదు. నియమాల్లోనూ లేదు. నియమాలకు జత చేసిన ఫారంలో మాత్రం ఉంది. పాత పథకం ఫారాన్ని కొత్తదానికి వాడుకున్నప్పుడు ఆ గడి కూడా వచ్చేసింది. నా పుస్తకంలో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించిన కొర్రీ అదే. ఆ ధ్రువపత్రం కోసం మరో ఆఫీసు చుట్టూ తిరిగి, విసిగి, దరఖాస్తే వదిలేసిన వాళ్లున్నారు.

అదృష్టవశాత్తూ అప్పుడే నియమాల సవరణ ఫైలు కదులుతోంది. రెండు పేజీల నోట్ రాశాను. ఏ ఫారం, ఎన్నో గడి, దాన్ని తీసేస్తే చట్టపరంగా ఇబ్బంది ఏమైనా ఉందా, ఆ సమాచారం శాఖ దగ్గర ఇప్పటికే ఎక్కడుంది, సవరించిన పాఠం ఎలా ఉండాలి. అంతే. సవరణలో ఆ గడి పోయింది. నాలుగేళ్ల థీసిస్ చేయలేని పని ఆ రెండు పేజీలు చేశాయి. కాకపోతే ఒకటి చెప్పాలి. ఆ థీసిస్ రాసి ఉండకపోతే కొర్రీలను లెక్కపెట్టాలన్న ఆలోచనే నాకు వచ్చేది కాదు.

పరిశోధన చట్టసభలో బిల్లు మీద చర్చ జరిగేటప్పుడు ఉపయోగపడుతుందని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. అప్పటికి రాజకీయ నిర్ణయాలు దాదాపు అయిపోయి ఉంటాయి. చట్టం వచ్చాక నియమాలు, మార్గదర్శకాలు, ఫారాలు శాఖల్లో తయారవుతాయి. వాటి మీద బయట చర్చ చాలా తక్కువ. కానీ మామూలు మనిషికి చట్టం ఎదురయ్యేది ఆ ఫారం రూపంలోనే. మన పరిశోధనకు తలుపు ఎక్కువగా తెరిచి ఉండేది కూడా అక్కడే.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. అమెరికాలో కాలేజీ చదువుకు ప్రభుత్వ సాయం కావాలంటే ఫాఫ్సా అనే ఫారం నింపాలి. అది చాలా పెద్దదిగా, చిక్కుగా ఉండేది. పన్ను రిటర్నులు నింపించుకోవడానికి వచ్చిన కుటుంబాల్లో కొందరికి అక్కడికక్కడే ఈ ఫారం కూడా నింపించి, కొందరికి సాయం ఎంత వస్తుందో సమాచారం మాత్రం ఇచ్చి పరిశోధకులు పోల్చారు. ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. తల్లిదండ్రులకు ఫారం నింపడంలో సాయం అందిన హైస్కూలు చివరి ఏడాది విద్యార్థుల్లో, రెండేళ్ల కాలేజీ చదువు పూర్తిచేసిన వాళ్లు 28 శాతం నుంచి 36 శాతానికి పెరిగారు. సమాచారం మాత్రమే అందుకున్న వాళ్లలో తేడా ఏమీ కనిపించలేదు. "అవగాహన కల్పిస్తే చాలు" అని ప్రతి మీటింగ్‌లో వినిపిస్తుంది కదా, ఆ మాట ఇక్కడ నిలబడలేదు. 2020లో అమెరికా కాంగ్రెస్ ఈ ఫారాన్ని బాగా కుదించే చట్టం చేసింది.

మరో ఉదాహరణ గుజరాత్‌ది, నాకు చాలా ఇష్టమైనది. అక్కడ ఫ్యాక్టరీల కాలుష్యాన్ని ప్రైవేటు ఆడిటర్లు కొలిచి నివేదిక ఇవ్వాలి. చిక్కల్లా, అప్పట్లో ఆ ఆడిటర్‌ను ఎంచుకునేదీ, ఫీజు ఇచ్చేదీ ఆ ఫ్యాక్టరీయే. ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికొలస్ రయాన్ అనే ఆర్థికవేత్తలు కాలుష్య నియంత్రణ మండలితో కలిసి రెండేళ్ల ప్రయోగం చేశారు. కొన్ని ఫ్యాక్టరీలకు ఆడిటర్‌ను లాటరీ పద్ధతిలో కేటాయించారు. ఫీజు ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు. కొన్ని కొలతలను మళ్లీ వెళ్లి సరిచూశారు. పాత పద్ధతిలోనే ఉన్న చోట నివేదికల్లో అంకెలు పరిమితికి సరిగ్గా కిందే వరుసగా కనిపించాయి. కొత్త పద్ధతిలో అంకెలు నిజానికి దగ్గరయ్యాయి, ఫ్యాక్టరీలు కాలుష్యాన్నీ తగ్గించాయి. 2015లో గుజరాత్ ఆడిట్ నిబంధనలను ఆ దిశగానే మార్చింది. ఎవరినీ తిట్టలేదు, కొత్త శిక్షలు పెట్టలేదు. ఆడిటర్‌ను ఎవరు ఎంచుకుంటారు, ఫీజు ఎవరిస్తారు, కొలతలను ఎవరు సరిచూస్తారు అన్నవే మారాయి. శాఖ కూడా మొదటి నుంచీ భాగస్వామిగా ఉండటం వల్లే ఆ ఫలితం అల్మారాలో పడకుండా నిబంధనగా మారిందని నా నమ్మకం.

మెక్సికోలో 1997లో మొదలైన ప్రోగ్రెసా పథకం కథ కూడా చదవండి. 506 గ్రామాల్లో 320కి ముందు, మిగిలిన 186కి తర్వాత నగదు సాయం ఇచ్చి, పిల్లల చదువులో, ఆరోగ్యంలో తేడాను కొలిచారు. 2000లో అధికార పార్టీ ఓడిపోయింది. అయినా కొత్త ప్రభుత్వం పథకాన్ని ఎత్తేయకుండా పేరు మార్చి విస్తరించింది. ఆధారాలు బలంగా ఉండటం అందుకు ఒక కారణమని చెబుతారు. అయితే 2019లో మరో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఏం చేయాలన్నది చివరికి ప్రజలు ఎన్నుకున్నవాళ్లే తేల్చాలి, అది వాళ్ల హక్కు కూడా. ఏం చేస్తే ఏం జరుగుతుందో దాచకుండా చెప్పడం వరకే మన పని.

దాచకుండా అన్నాను కాబట్టి జాగ్రత్త గురించి కూడా. 2010లో రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు, దేశ ఆదాయంలో ప్రభుత్వ రుణం 90 శాతం దాటితే వృద్ధి బాగా పడిపోతుందని ఒక పత్రం రాశారు. ప్రభుత్వ ఖర్చులు తగ్గించాలన్న నాయకులు దాన్ని ఎన్నోసార్లు ఉదహరించారు. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి ఆ లెక్కల షీటు తెప్పించుకుని చూస్తే, ఒక ఫార్ములాలో ఐదు దేశాలు జారిపోయాయి. దాంతో పాటు లెక్కగట్టిన తీరులో ఇతర సమస్యలనూ సరిచేస్తే, అంత రుణం ఉన్నప్పటి సగటు వృద్ధి మైనస్ 0.1 కాకుండా 2.2 శాతం వచ్చింది. మన డేటా, లెక్కలు మరొకరు సరిచూడగలిగేలా బయట పెట్టడం ఇక్కడ మర్యాద కోసం కాదు. మన తప్పుకు మూల్యం చెల్లించేది మనం ఎప్పుడూ చూడని కుటుంబాలు. నా రెండు పేజీల నోట్ పంపే ముందు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ గడి తీసేస్తే అనర్హులు చేరిపోతారేమో అన్న టెన్షన్‌తో మళ్లీ ఒకసారి కట్టలన్నీ తిరగేశాను.

ఇక మీరేం చేయొచ్చంటే, టాపిక్ ఖరారు చేసే ముందే ఒక శాఖకు వెళ్లి వాళ్లకు జవాబు తెలియని ప్రశ్న ఏమిటో అడగండి. అమెరికాలో 2019 జనవరిలో చట్టమైన ఒక బిల్లు ప్రకారం పెద్ద ప్రభుత్వ సంస్థలు తాము తేల్చుకోవాల్సిన ప్రశ్నల జాబితా రాసి పెట్టుకోవాలి. అలాంటి జాబితా లేని చోట మనమే అడిగి రాసుకోవాలి. బ్రిటన్ పార్లమెంటుకు 1989 నుంచి పోస్ట్ అనే చిన్న కార్యాలయం ఉంది. సభ్యుల కోసం శాస్త్ర, సాంకేతిక విషయాలను కొద్ది పేజీల్లో, ఏ పక్షం వైపూ మొగ్గకుండా రాసి ఇస్తుంది. ఆ నోట్లు ఒక పది చదివితే థీసిస్ భాషకు, చట్టసభ సభ్యుడికి పనికొచ్చే భాషకు తేడా తెలుస్తుంది.

ముసాయిదా నియమాల మీద అభ్యంతరాలు, సూచనలు అడిగే గడువు కోసం కనిపెట్టుకుని ఉండండి. సాధారణంగా అది కొద్ది వారాలే ఉంటుంది. నోటిఫికేషన్ వచ్చాక పరిశోధన మొదలుపెడితే అందుకోలేరు, లెక్కలు ముందే చేతిలో ఉండాలి. ఏ శాఖకు వెళ్లినా అధికారి గది కంటే ముందు, దరఖాస్తులు తిప్పి పంపే సీటు దగ్గర ఒక కుర్చీ అడగండి.