ఉబుంటులో ఆన్‌లైన్ పాఠాలకు చౌక వెబ్‌క్యామ్: ఏం చూసి కొనాలి?

మీరు అడిగింది ఇదీ: ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) ల్యాప్‌టాప్, ఆన్‌లైన్‌లో లెక్కల ట్యూషన్, బడ్జెట్ రెండు వేల లోపు. ఏ పెట్టె మీదా లినక్స్ పేరు లేదు, కొంటే పనిచేస్తుందా?

చేస్తుందండి. లినక్స్ పేరు కోసం కాదు, యూవీసీ అన్న మూడు అక్షరాల కోసం వెతకండి. యూఎస్‌బీ వీడియో క్లాస్ అనే ప్రమాణానికి అది పొట్టి పేరు. దాన్ని పాటించే కెమెరాను కెర్నెల్‌లో, అంటే లినక్స్ గుండెకాయలో, ఉన్న యూవీసీవీడియో డ్రైవరే నడుపుతుంది. 2008లో వచ్చిన 2.6.26 కెర్నెల్ నుంచీ అది లోపలే ఉంది కాబట్టి మీరు విడిగా ఎక్కించాల్సింది ఏమీ లేదు. యూవీసీ అని రాయకపోయినా ‘డ్రైవర్ అక్కర్లేదు’, ‘ప్లగ్ అండ్ ప్లే’ అని ఉంటే చాలావరకు అదే. ‘క్రోమ్ ఓఎస్‌లో పనిచేస్తుంది’ అని ఉంటే ఇంకా మంచి గుర్తు, దాని అడుగున ఉన్నదీ లినక్స్ కెర్నెలే. సీడీ పెట్టి డ్రైవర్ ఎక్కించమనే పాత స్టాకు ఎంత చౌకగా ఇచ్చినా వద్దు.

ఇక పనిచేయడం వేరు, బాగా పనిచేయడం వేరు. చౌక కెమెరాల్లో అసలు తేడా బయటపడేది ఇక్కడే. పెట్టె మీద 1080పీ అనో 4కే అనో కొట్టొచ్చినట్టు వేస్తారు. లోపలి సెన్సరు 640×480 మాత్రమే ఉండి, బొమ్మను సాగదీసి పంపే సరుకు బజార్లో చాలానే ఉంది. దాన్ని పట్టుకోవడానికి మార్గం: న్యూస్‌పేపర్ పేజీని గోడకు అంటించి, పూర్తి రెజల్యూషన్‌లో ఒక ఫొటో, 640×480లో ఒక ఫొటో తీయండి. రెండోదాన్ని పెద్దది చేసి పక్కపక్కన పెట్టి చూడండి. చిన్న అక్షరాలు రెండింట్లోనూ ఒకేలా అలుక్కుపోయి ఉంటే ఆ పెద్ద అంకె ఉత్తదే.

తర్వాత చూడాల్సింది కెమెరా ఏ ఫార్మాట్లలో బొమ్మ ఇస్తుందన్నది. వీ4ఎల్-యుటిల్స్ (v4l-utils) ప్యాకేజీని ఉబుంటులో ప్రోగ్రాములు ఎక్కించే ఏపీటీ (apt) కమాండుతో ఎక్కించుకుని, టెర్మినల్‌లో వీ4ఎల్2-సీటీఎల్ కమాండును --లిస్ట్-ఫార్మాట్స్-ఎక్స్‌ట్ ఆప్షన్‌తో (v4l2-ctl --list-formats-ext) నడపండి. వైయూవైవీ, ఎంజేపీజీ అని రెండు జాబితాలు రావాలి. వైయూవైవీ అంటే కుదించని బొమ్మ, పిక్సెల్‌కు 2 బైట్లు. 640×480లో సెకనుకు 30 ఫ్రేములంటేనే 18.4 మెగాబైట్లు. అదే వేగంతో 1280×720 (అదే 720పీ) కావాలంటే 55 మెగాబైట్లు దాటుతుంది. యూఎస్‌బీ 2.0లో కెమెరా ఇలాంటి ప్రవాహానికి వాడుకోగలిగిన హద్దే సుమారు 24.5 మెగాబైట్లు. అందుకే వైయూవైవీ కింద 720పీకి ఎదురుగా 10 ఫ్రేములో అంతకంటే తక్కువో కనిపిస్తుంది. ఎంజేపీజీలో ప్రతి ఫ్రేమునూ కెమెరాయే జేపెగ్‌గా కుదించి పంపుతుంది కాబట్టి 720పీ 30 ఫ్రేములతో సాఫీగా వస్తుంది. ఎంజేపీజీ జాబితా లేని హెచ్‌డీ కెమెరాను యూఎస్‌బీ 2.0లో నేనైతే ఉంచుకోను, తిరిగి ఇచ్చేస్తాను.

మీకు అన్నిటికంటే ముఖ్యమైనది మాత్రం ఫోకస్. ఈ ధరలో దొరికేవి దాదాపు అన్నీ ఫిక్స్‌డ్ ఫోకస్, అంటే కుర్చీలో కూర్చున్న మనిషి ముఖానికి సరిపోయేలా బిగించినవి. నోట్‌బుక్‌ను దగ్గరగా పెడితే అక్షరాలు మసకబారతాయి, ఏ సెట్టింగూ దాన్ని సరిచేయదు. లాజిటెక్ సీ270 లినక్స్‌లో ఏ తంటా పెట్టని కెమెరా: 720పీ, 30 ఫ్రేములు, మైకు లోపలే. ముఖం చూపించి పాఠం చెప్పేవారికి దాన్నే సూచిస్తాను. అదీ ఫిక్స్‌డ్ ఫోకసే. కాగితం మీద లెక్క చేసి చూపించాలంటే లెన్స్ చుట్టూ చేత్తో తిప్పే రింగు ఉన్నది తీసుకోండి. పేరులేని కంపెనీదైనా సరే, స్టాండుకు కిందికి చూసేలా బిగించి, పేజీ మీద ఒకసారి ఫోకస్ తిప్పి వదిలేస్తే ఇక కదలదు. ఆటోఫోకస్ కంటే ఈ పనికి ఇదే నయం, ఎందుకంటే చెయ్యి అడ్డం వచ్చినప్పుడల్లా ఆటోఫోకస్ వెతుకులాటలో పడుతుంది.

ముఖానికొకటి, కాగితానికొకటి రెండు కెమెరాలు పెడితే ఒక చిక్కు వస్తుంది. రెండోది తెరవగానే ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అంటుంది. నిండింది హార్డ్ డిస్క్ కాదు, యూఎస్‌బీ దారి. ఎంజేపీజీ వాడుతున్నా కొన్ని చౌక కెమెరాలు అవసరానికి మించి దారిని ముందే పట్టి ఉంచుకుంటాయి. హబ్ తీసేసి ల్యాప్‌టాప్‌కు రెండు వైపులా ఉన్న పోర్టుల్లో పెట్టి చూడండి. అప్పటికీ మొండికేస్తే ఒకదాని రెజల్యూషన్ తగ్గించండి.

బొమ్మ మీద అడ్డచారలు పాకుతుంటే కెమెరా సెట్టింగుల్లో పవర్_లైన్_ఫ్రీక్వెన్సీ చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దానికి విలువ 1. చాలా కెమెరాలు 60 హెర్ట్జ్‌కు, అంటే 2కు పెట్టి వస్తాయి. సాయంత్రం పూట వీడియో తడబడుతుంటే కారణం ఇంటర్నెట్టే అనుకోకండి. వెలుతురు చాలక కెమెరా ఒక్కో ఫ్రేముకు ఎక్కువ సమయం తీసుకుని, వేగాన్ని 15కో ఇంకా కిందకో దించేస్తుంది. ఎక్స్‌పోజర్_డైనమిక్_ఫ్రేమ్‌రేట్ (పాత కెర్నెళ్లలో ఎక్స్‌పోజర్_ఆటో_ప్రయారిటీ) విలువను 0 చేస్తే వేగం నిలబడుతుంది, కాకపోతే బొమ్మ చీకటవుతుంది. ముఖానికి ఎదురుగా ఒక ఎల్‌ఈడీ బల్బు పెట్టడం మీద పెట్టే ఖర్చు, ఖరీదైన కెమెరా మీద పెట్టేదానికంటే ఎక్కువ ఫలితమిస్తుంది. ఈ విలువలన్నీ జీయూవీసీవ్యూ అనే ప్రోగ్రాములో మౌసుతోనే మార్చొచ్చు. తీగ పీకి మళ్లీ పెడితే చాలావరకు మొదటికొస్తాయి కాబట్టి క్లాసుకు ముందు ఒకసారి సరిచూసుకోండి.

కంగారు పడనక్కర్లేని విషయాలు రెండు. ఒక్క కెమెరా పెడితే వీడియో0, వీడియో1 అని రెండు కనిపిస్తాయి. రెండోది మెటాడేటాకు, అంటే బొమ్మ గురించిన వివరాలకు, అందులో బొమ్మ రాదు. జీయూవీసీవ్యూలో వచ్చిన బొమ్మ బ్రౌజర్‌లో రాకపోతే ముందు జీయూవీసీవ్యూను మూసేయండి, ఒక కెమెరాను రెండు ప్రోగ్రాములు ఒకేసారి వాడుకోలేవు. అప్పటికీ రాకపోతే ఉబుంటు సెట్టింగ్స్‌లో ఆ బ్రౌజర్‌కు కెమెరా అనుమతి ఉందో లేదో చూడండి.

చివరగా మైకు. కొన్ని చౌక కెమెరాలకు యూఎస్‌బీ తీగతోపాటు మైకు కోసం 3.5 ఎంఎం పిన్ను వేరేగా వేలాడుతుంది. ఇయర్‌ఫోన్‌కూ మైకుకూ ఒకే రంధ్రం ఉన్న మీ ల్యాప్‌టాప్‌లో అది నేరుగా పనిచేయదు, స్ప్లిటర్ కొనాలి. యూఎస్‌బీ తీగ ఒక్కటే ఉన్నది చూసుకోండి. ఎలాగూ ఇయర్‌ఫోన్ పెట్టుకునే పాఠం చెబుతారంటే దాని మైకే నోటికి దగ్గరగా ఉంటుంది, కెమెరా మైకు ఊసే అక్కర్లేదు.